తెగని నాలుగు నిమిషాలు

“నీవి మరీ ముక్కలు ముక్కలుగా ఉంటాయేం?” అన్నారు మా ఆయన.

అప్పుడు నేను ఉతికి ఆరిన దుప్పటికి ఒక కొస పట్టుకుని, రెండో కొస పట్టే చెయ్యి కోసం చూస్తున్నాను. ఆయన చేతిలో ఫోను ఉంది. కనుక ఆ చెయ్యి నాకు దొరికేది కాదు. “ఇదిగో, మరదలు తీసింది. ఒక్కచోటైనా తెగిందేమో చూడు. నీదైతే ఈపాటికి పది ముక్కలయ్యుండేది,” అని ఫోను నా మొహం ముందు పెట్టారు. దుప్పటి కొసను గడ్డం కింద నొక్కిపట్టి చూశాను.

తీసింది నా తోటికోడలు, మా మరిది భార్య. అందులో ఉన్నది మా అత్తగారు. పది రోజులు చిన్నకొడుకు ఇంట్లో ఉండి వద్దామని వెళ్లిన ఆవిడ, వాళ్ల వరండాలో పీట మీద కూర్చుని పచ్చిబఠాణీలు ఒలుస్తున్నారు. ఎడమవైపు నుంచి పొద్దుటి వెలుగు చెంప మీద పడుతోంది. కాయను నొక్కడం, చీల్చడం, బొటనవేలితో గింజల్ని గిన్నెలోకి దులపడం, మళ్లీ ఇంకో కాయ. వెనక వేణువు మీద మెల్లని పాటేదో పెట్టింది. మూడో నిమిషంలో ఒక గింజ గిన్నెలో పడక నేల మీద దొర్లిపోతుంది. అత్తగారు తల కాస్త పక్కకు తిప్పి, పెదవి కదిపి, నవ్వుతారు. కట్టుడుపళ్లు గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డుపెట్టుకునే నవ్వు కాదది. భుజాలు కదిలే నవ్వు. మొత్తం నాలుగు నిమిషాల పదకొండు సెకండ్లు, ఒకే షాటు.

ఆవిడ నా ఇంట్లో ముప్ఫై రెండేళ్లుగా ఉంటున్నారు. నా బీరువాలో అరవై మూడు వీడియో క్యాసెట్లున్నాయి. ఆ నవ్వు వాటిలో ఒక్కదానిలోనూ లేదు.

“బాగుంది కదూ?” అన్నారు ఆయన.

“బాగుంది,” అన్నాను. గడ్డం కింద దుప్పటి ఉండటంవల్ల ఆ మాట నలిగి బయటికొచ్చింది. ఆయన గమనించలేదు. మళ్లీ మొదటినుంచి పెట్టుకుని చూడసాగారు.

మనిషి లోపలి శత్రువులు ఆరింటిలో మాత్సర్యాన్ని పెద్దలు చివరన చెప్పారు. చివరిది గనుక చిన్నదై ఉంటుందని చాలాకాలం అనుకున్నాను. ఏభై ఎనిమిదేళ్లు వచ్చేసరికి తక్కిన అయిదూ అలసిపోయి ఒక్కొక్కటే నా ఇల్లు ఖాళీ చేశాయి. అప్పుడు తెలిసింది, చివరిదాన్ని చివర ఎందుకు పెట్టారో. అందరూ వెళ్లాక లోపలినుంచి గడియ వేసుకుని కూర్చునేది అదే. ఆ మధ్యాహ్నం దుప్పట్లు మడిచాను, దిండు గలేబులు మడిచాను, ఆయన చొక్కాలు మడిచాను. ప్రతి మడతలోనూ ఆ నాలుగు నిమిషాలను పెట్టి నొక్కాను. దాని వెలుగు చూసి కుళ్లుకోలేదు. అలాంటి వెలుగు నా వంటింటి కిటికీలోనూ పడుతుంది. పాట చూసీ కాదు. నన్ను కాల్చినది ఆ పొడవు. నాలుగు నిమిషాల పదకొండు సెకండ్లపాటు ఈ పిల్లని ఎవరూ పిలవలేదా? ఒక ఆడమనిషి, పెళ్లయి ఇరవయ్యేళ్లు దాటినది, పొద్దున్న పూట, ఇంట్లో మొగుడున్నప్పుడు, చేతిలో ఫోను పట్టుకుని కదలకుండా నాలుగు నిమిషాలు నిలబడగలిగిందంటే, ఆమె ఏ దేవుడికి ఏ పువ్వు పెట్టి ఉంటుంది?

నేను బడిలో ఇరవై తొమ్మిదేళ్లు భాష చెప్పాను. బతుకులో నాకు తెగకుండా దొరికిన కాలం ఏదైనా ఉంటే అది తరగతి గదిలో నలభై నిమిషాల పీరియడే. పద్యం ఎత్తుకుంటే చివరి పాదం దాకా నా ఊపిరి నాది. ఇంట్లో అలా ఉండేది కాదు. కెమెరా మా ఇంటికి మా ఆయన ఆఫీసు లక్కీడ్రాలో వచ్చింది. “ఈ బొత్తాలు నావల్ల కాదు, నువ్వు చూసుకో,” అని ఆయన నా ఒళ్లో పడేశారు. ఆ రోజునుంచి ఇంట్లో పుట్టినరోజులూ, పిల్లల మొదటి అడుగులూ, మామగారు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ కునికిన మధ్యాహ్నాలూ అన్నీ నేనే తీశాను. చుట్టాలు నాకు కెమెరామ్మ అని పేరు పెట్టారు. బడిలో వార్షికోత్సవాలు కూడా నేనే తీసేదాన్ని. హెడ్మాస్టరుగారు వందన సమర్పణలో వేదిక అలంకరించినవారికీ, కుర్చీలు సర్దినవారికీ, కెమెరాకు ప్లగ్గు చూపించిన ఎలక్ట్రీషియనుకీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పేవారు. కెమెరా పట్టుకున్న మనిషిని మాత్రం అందులో ఉన్న బొత్తాల్లో ఒకటనుకునేవారు కాబోలు.

మా అమ్మాయి అత్తవారింటికి వెళ్తూ తన పాత కంప్యూటరు నాకు వదిలేసింది. క్యాసెట్లన్నీ అందులోకి ఎక్కించి, కోసి కూర్చడం నేర్చుకున్నాను. కోయడం అంటే నాకు గణవిభజన లాంటిదే. ఎక్కడ ఆపితే తరువాతి మాట కోసం మనసు ఎదురుచూస్తుందో అక్కడ ఆపాలి. పైన బొమ్మల వరుస, కింద ధ్వని వరుస. కాని కంప్యూటరు హాల్లో టీవీ పక్కన ఉంది. “ఆ గోల ఆపవే, వార్తలు వింటున్నా,” అనేవారు మా ఆయన. అమ్మాయి ఇయర్‌ఫోన్లు కొనిచ్చింది. “అవి చెవుల్లో దూర్చుకుంటే పిలిచినప్పుడు నీకేం వినబడుతుంది?” అన్నారు. ఆ ప్రశ్న న్యాయంగానే తోచింది. కనుక ధ్వని వరుసను పూర్తిగా కట్టేసి, కళ్లతోనే కోయడం అలవాటు చేసుకున్నాను. పనంతా అయ్యాక పైన ఒక వేణువో వీణో పరిచేదాన్ని. ప్రతి షాటు చివరా బొమ్మ ఒక్కసారి ఊగుతుంది, నా మణికట్టులో బలం లేదు. ఆ కుదుపుకు ఒక క్షణం ముందు కత్తెర వేసేదాన్ని. నా షాటు ఏదీ అర నిమిషం దాటదు. “నువ్వు తీసేవి చిన్నచిన్నగా భలే ఉంటాయి వదినా, విసుగే పుట్టదు,” అని మా ఆడపడుచు ఒకసారి అన్నది. ఆ మాటను పట్టుకుని అదే నా శైలి అనుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, దానికి గర్వపడ్డాను కూడా.

అత్తగారికి ఈ ఆదివారంతో ఎనభై నిండుతాయి. ఒక చిన్న హాలు తీసుకున్నాం, నలభైమంది చుట్టాలు వస్తారు, తెర పెడతారు. ఆ తెర కోసం ఆరు నెలలుగా ఇరవై రెండు నిమిషాల సినిమా కూరుస్తున్నాను. ఆవిడ నడివయసు నుంచి నిన్నటి దాకా. దుప్పట్లు మడిచిన ఆ రోజే, రాత్రి భోజనాల దగ్గర మా ఆయన మజ్జిగ పోసుకుంటూ, “ఆదివారం మరదలుది వేద్దాం. తెరవాడికి చెప్పేశాను,” అన్నారు.

“నేను చేస్తున్నది?”

“నీదెక్కడికి పోతుంది? ఇంట్లో మనం చూసుకుంటాం. పైగా అందులో సగంమంది పోయినవాళ్లాయె. పుట్టినరోజు పూట అందరూ ముక్కులు చీదుకుంటూ కూర్చోవాలా?”

“ఆరు నెలలు చేశానండీ.”

“అందుకేగా చెప్తున్నా, నీ దగ్గరున్న పాతవి దానికిచ్చెయ్యి. మధ్యమధ్యలో అతికించుకుంటుంది. పాపం, నిన్నడగడానికి మొహమాటపడుతోంది.”

అత్తగారు మా మధ్య కూర్చుని అన్నంలో మజ్జిగ కలుపుకుంటున్నారు. ముందురోజే మా ఇంటికి తిరిగి వచ్చారు. “ఏమ్మాయ్, చిన్నదాని ఫోన్లో నేను సినిమాతారలా ఉన్నానటగా,” అన్నారు నాతో. “పక్కింటావిడ కూడా చూసిందిట.” నాకు ఆ క్షణంలో ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. ఎనభయ్యేళ్ల మనిషి, తన ఫొటో బాగుందని మురిసిపోతే కోపం తెచ్చుకునే పెద్దకోడల్ని నేను.

మర్నాడు పొద్దున్న దేవుడి ముందు కూర్చుని కళ్లు మూసుకుంటే మూసిన కళ్లలోనూ బఠాణీలే దొర్లాయి. ఇంతలో మొహమాటపడుతున్న మనిషే ఫోను చేసింది.

“అక్కా, బావగారు చెప్పారా? నీకు కష్టమైతే వద్దులే. ఏవో నాలుగు చాలు. మామయ్యగారివి, పిల్లలవి... నావి కూడా ఒకటో రెండో వెయ్యి. నేను సన్నగా ఉన్నప్పటివి ఉంటాయిగా, వాటికి సాక్ష్యం నీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు!” అని పకపకా నవ్వింది.

“వేస్తాను. ఎందుకు వెయ్యనూ?” అన్నాను.

అప్పుడు నేను చేసినది చెప్పడం నాకు ఇష్టం లేదు, చెప్పకపోతే ఈ కథ అబద్ధమవుతుంది. కంప్యూటరులో ఒక కొత్త అర తెరిచి దానికి ‘చెల్లికి’ అని పేరు పెట్టాను. ఇరవయ్యేళ్ల క్యాసెట్లలో ఆమె కనిపించే చోట్లన్నీ వెతికి, వాటిలో ఆమె అందవిహీనంగా ఉన్నవే ఏరాను. కన్ను సగం మూతపడినవి, జుట్టు చెదిరినవి, నోరు తెరుచుకున్నవి. తెర మీద నలభైమంది ముందు తన సన్నదనానికి ఇదిగో సాక్ష్యం అని చూసుకోనీ, అనుకున్నాను. రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాను. ప్రార్థనలో లేని ఏకాగ్రత ఆ పనిలో కుదిరింది.

నోరు తెరుచుకున్నవి చాలా దొరికాయి. పద్దెనిమిది. అయితే పదో పన్నెండో అయ్యేసరికి నాకొకటి తట్టింది. ఆ నోరు చాలాచోట్ల ఒకేలా తెరుచుకుంటోంది. చీర వేరు, ఏడు వేరు, పక్కనున్న పిల్లల ఎత్తు వేరు. పెదవులు మాత్రం అవే అక్షరాలు పలుకుతున్నాయి. దానితోపాటు కుడిచెయ్యి కెమెరా వైపు చాస్తోంది. ఇన్నేళ్లూ దాన్ని నేను వయ్యారం అనుకున్నాను. ‘అబ్బా, నన్ను తియ్యకక్కా’ అని గోముగా చెయ్యి అడ్డుపెడుతోందనీ, కెమెరా అంటే పిచ్చి ఉండి పైకి బెట్టు చేస్తోందనీ. ఆ రోజు మా ఆయన కళ్లద్దాలు మార్పించుకోవడానికి వెళ్లారు. అత్తగారు పడుకున్నారు. టీవీ ఆగి ఉంది. కట్టేసిన తరువాత మొట్టమొదటిసారి ధ్వని వరుస మీద చెయ్యి వేసి, తెరిచాను.

“అక్కా, ఇలా ఇయ్యి. నువ్వెళ్లి అత్తయ్య పక్కన కూర్చో, నేను తీస్తా.”

కెమెరా వెనకనుంచి ఒక గొంతు, మరీ దగ్గరగా, గరుకుగా: “నీ చేతులు నిలవవే. పాడుచేస్తావ్.”

అది నా గొంతు. నా గొంతు అలా ఉంటుందని నాకు తెలియదు. తరగతిలో నేనెప్పుడూ ఒక పిల్లతో అలా మాట్లాడలేదు. రెండోది పెట్టాను. “అక్కా, ఒక్కసారి ఇవ్వవా? నువ్వు దేంట్లోనూ ఉండట్లేదు.” “నీకు రాదులే.” మూడోదానిలో అడగడం ఇంకా పూర్తికాకుండానే నేను “జరుగు, జరుగు, వెలుగు పోతోంది” అంటున్నాను. వెనక మా ఆయన నవ్వు: “దాని చేతిలోంచి కెమెరా లాక్కోవడం ఎవరి తరమమ్మా!” పద్దెనిమిదింటిలో పదకొండుసార్లు ఆమె నన్ను అడిగింది. తరువాతి క్యాసెట్లలో అడగడం మానేసింది. నోరు మూసుకుని ఉంది. అవి అందంగా వచ్చాయి, అందుకే నేను ఏరలేదు.

నన్నెవరూ ఒక్క ఫొటో తీయలేదని ఎన్నిసార్లు లోలోపల ఏడ్చానో లెక్కలేదు. ఒక మనిషి పదకొండుసార్లు చెయ్యి చాచింది. ఎందుకు ఇవ్వలేదో నాకు తెలుసు. కెమెరా చేతిలో ఉన్నంతసేపూ నేను ఆ గదిలో నిలబడటానికి ఒక కారణం ఉండేది. అది ఇచ్చేస్తే నన్ను ఎవరూ అత్తయ్య పక్కన కూర్చోబెట్టరు. ఖాళీ చేతులు కనబడిన మరుక్షణం వంటింట్లోకి పంపిస్తారు. నిజమే. అయినా ‘నీకు రాదులే’ అన్నప్పటి ఆ తృప్తి కూడా నాదే. అది ఎవరూ నాకు అంటగట్టినది కాదు.

ధ్వని తెరిచే ఉంచి, నా ఇరవై రెండు నిమిషాల సినిమాకు మూలమైన షాట్లన్నీ ఒక్కొక్కటే పెట్టుకున్నాను. మామగారు పేపరు మీద కునుకుతున్నారు, చేతిలో పేపరు మెల్లమెల్లగా జారుతోంది, ఇంకొక్క క్షణంలో పడుతుంది... “ఏమేవ్! మంచినీళ్లు!” బొమ్మకు ఒక కుదుపు. అమ్మాయి అద్దం ముందు తనంత తానే జడ వేసుకోవడం నేర్చుకుంటోంది, మూడో పాయ చేతికి చిక్కడంలేదు... “ఇదిగో, నా కళ్లజోడెక్కడ పెట్టావ్?” కుదుపు. అత్తగారు కిటికీ దగ్గర సూదిలో దారం ఎక్కిస్తున్నారు... “అమ్మాయ్, పొయ్యి మీద ఏదో మాడుతోంది చూడు!” కుదుపు. “అమ్మా, నా సాక్సు!” “ఎవరో వచ్చారు, తలుపు తియ్యి!” “వదినా, పంచదార!” నా మణికట్టులో ఏ లోపమూ లేదు. అరవై ఒక్క చోట్ల నేను కత్తెర వేస్తే, వాటిలో ఏభై నాలుగు చోట్ల ఎవరో నన్ను పిలిచారు. ఏ విరుపును నేను నా శైలి అనుకున్నానో, ఏ నడకను నేను కూర్చిన ఛందస్సు అనుకున్నానో, అది ఈ ఇంట్లోవాళ్ల దాహాలూ, సాక్సులూ, కళ్లజోళ్లూ వేసిన తాళం. పేపరు నేల మీద పడటం నా దగ్గర లేదు. మూడో పాయ జడలో కలవడం లేదు. దారం సూదిలోకి వెళ్లడం లేదు. జరగబోతున్నవన్నీ ఉన్నాయి, జరిగినవేవీ లేవు.

‘చెల్లికి’ అన్న అరలో ఉన్నవన్నీ తీసేసి, అరవై మూడు క్యాసెట్లూ ఏరకుండా, కోయకుండా ఒక డిస్కులోకి ఎక్కించాను. మర్నాడు అత్తగారికి చెప్పి బయల్దేరాను. ఏదో మంచితనం పొంగి వెళ్లానని ఎవరూ అనుకోవద్దు. నాకు ఒక సంగతి తేల్చుకోవాలని ఉంది. ఆ నాలుగు నిమిషాలూ ఆమెను ఎవరూ ఎందుకు పిలవలేదు?

నా తోటికోడలు పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. బల్ల మీద ప్లాస్టరుతో చేసిన దవడలు నోరు తెరుచుకుని వరసగా ఉంటాయి. వాటి మధ్య ఆమె టిఫిను డబ్బా పెట్టుకుని తింటోంది. డాక్టరు భోజనానికి వెళ్లాడు. ఎదురు బెంచీ మీద నోట్లో దూది పెట్టుకున్న ఒక పెద్దమనిషి మాత్రం గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు.

“అక్కా! ఎండలో నువ్వెందుకొచ్చావ్? నేనే వచ్చేదాన్నిగా. కూర్చో, కూర్చో. పన్నేమైనా పీకించుకుంటావా?”

డిస్కు ఆమె ముందు పెట్టాను. “అన్నీ ఉన్నాయి. ఏవి కావాలో నువ్వే చూసుకో.”

“అన్నీనా?” టిఫిను మూత చేతిలోనే ఉండిపోయింది. “నీవి ఎవర్నీ ముట్టుకోనివ్వవుగా?”

“ఒకటడుగుతాను, నిజం చెప్పు. అత్తయ్య బఠాణీలు ఒలుస్తున్నది తీశావే, అప్పుడు మా మరిది ఇంట్లో లేడా?”

“ఎందుకు లేడూ? స్నానాలగదిలో ఉన్నాడు.”

“మరి నాలుగు నిమిషాలు నిన్నెవరూ పిలవలేదా?”

ఆమె మెల్లగా నవ్వడం మొదలుపెట్టింది. “పిలవకపోవడమేంటక్కా! మూడుసార్లు పిలిచాడు. పాట వెయ్యకముందుది నా ఫోన్లో ఉంది, ఉండు.” వేలు తుడుచుకుని ఫోను తీసి, దవడల మధ్య నిలబెట్టింది.

వేణువు లేదు. కాయలు చిట్లే చప్పుడు, వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తున్న చప్పుడు, ఎక్కడో నీళ్లు పడుతున్న చప్పుడు. నీళ్లు ఆగాయి. “ఏమోయ్! టవలు!” అని మా మరిది గొంతు. బొమ్మ కదలలేదు. అత్తగారి వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ కాయ. “ఏమోయ్! టవలు మర్చిపోయానోయ్!” అత్తగారు తల పక్కకు తిప్పారు. గింజ దొర్లింది. ఆవిడ పెదవి కదిలింది. ఈసారి మాట వినబడింది.

“అరవనీలే. నువ్వు తియ్యి.”

ఆ తరువాత భుజాలు కదిలే ఆ నవ్వు. మూడో పిలుపు చాలా దీనంగా వచ్చింది. “ఇక్కడ తడిసి నిలబడ్డానే బాబూ!” కొంతసేపటికి తడి అడుగుల చప్పుడు, బీరువా తలుపు తెరుచుకున్న చప్పుడు.

బెంచీ మీద పెద్దమనిషి నవ్వలేక దవడ పట్టుకున్నాడు.

“చలికి చచ్చిపోలేదు కదా,” అంది ఆమె. “తనే వచ్చి తీసుకున్నాడు. టవలెక్కడుంటుందో ఇరవై రెండేళ్ల తర్వాత కనిపెట్టాడు పాపం.”

నాకు నవ్వు రాలేదు. ఆమె అదృష్టవంతురాలనీ, ఆమెను పిలిచేవాళ్లు లేరనీ మూడు రోజులు కుళ్లుకున్నాను. ఇప్పుడు ఆ అసూయకు ఆధారం పోయి, దాని చోట అంతకంటె పెద్దది వచ్చి కూర్చుంది. “అరవనీలే అని నాకెప్పుడూ చెప్పలేదు,” అన్నాను. “ముప్ఫై రెండేళ్లు. నా వంటింట్లో, నా గుమ్మంలో, నా పక్కనే కూర్చుని. ఒక్కసారి కూడా నాకా మాట చెప్పలేదు. ఆవిడ నీకు చెప్పింది.”

ఆమె టిఫిను మూత పెట్టింది. నన్ను ఓదార్చలేదు.

“నువ్వెప్పుడైనా రెండో పిలుపు దాకా ఆగావా అక్కా?”

ప్లాస్టరు దవడలన్నీ నావైపే నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మొదటి పిలుపు పూర్తికాకముందే లేచిన నా కాళ్లు, ‘ఆఁ, వస్తున్నా’ అని బొమ్మ కుదిపిన నా చెయ్యి గుర్తొచ్చాయి. ఆ చురుకుదనానికి నాకు ఇంట్లో మంచి పేరు ఉండేది. మా పెద్దకోడలు పిలవగానే పలుకుతుంది అని అత్తగారు నలుగురిలో చెప్పేవారు. నేను వినయంగా తల దించుకునేదాన్ని. దించుకున్న తలలో ఎంత గర్వం ఉండేదో దేవుడికి తెలుసు.

“నీ మీద నాకు అసూయ,” అన్నాను.

“తెలుసు. నేను కోడలిగా వచ్చినప్పటినుంచి నీ కెమెరా మీద నాకు ఉండేది. పదేళ్లడిగాను. ఇవ్వలేదు. ఫోను కొనుక్కున్నా.” అంత తేలిగ్గా చెప్పింది. అంత తేలిక కాదని ఆమె కళ్లు చెప్పాయి.

“విన్నాను,” అన్నాను. “నిన్ననే విన్నాను. నాది తప్పు.”

ఆమె డిస్కును కౌంటరు సొరుగులో పెట్టి తాళం వేసింది.

“ఆ పాట ఎందుకు వేశావ్?” అని అడిగాను.

“నలుగురిలో మొగుడి పరువు తీసినట్టుంటుందని.” నవ్వింది, ఈసారి కొంచెం సిగ్గుగా. “పలక్కుండా ఉండటం వేరు అక్కా, పలకలేదని వినిపించడం వేరు. దానికి నాకూ గుండె చాల్లేదు.”

“పాట తీసెయ్యి. అలాగే వెయ్యి.”

“నలభైమంది వింటారు.”

“అత్తయ్య అన్న మాట కూడా వింటారు. ఆవిడ పుట్టినరోజు. ఆవిడ గొంతు ఆవిడ సినిమాలో ఉండొద్దా?”

ఫోనులో ఆగిన బొమ్మను వేలితో వెనక్కీ ముందుకీ జరిపింది. దూది పెట్టుకున్న పెద్దమనిషి కూడా ఏం తేలుతుందోనని మా ఇద్దరి వైపూ చూస్తున్నాడు. చివరికి, “నువ్వు నీదాంట్లో పాట తీసేస్తే నేను నాదాంట్లో తీస్తా. ముందు నీది, తర్వాత నాది. తెరవాడికి నేను ఫోన్ చేస్తా. బావగారికి నువ్వు చెప్పు,” అంది.

ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, కంప్యూటరు ముందు కూర్చున్నాను. నా అసూయ పోయిందని చెప్పను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కావాలి, నాకు ఇప్పటికీ దొరకలేదు. ఇరవై రెండు నిమిషాల పొడవునా పరిచిన వేణువును ఒక చివర పట్టుకుని మొత్తం తీసేశాను. ప్రతి షాటుకూ నేను కోసిపారేసిన చివరను తిరిగి అతికించాను. కుదుపుతో సహా, ఆ కుదుపుకు కారణంతో సహా. సినిమా ఇరవై ఆరు నిమిషాలయింది. ఇప్పుడది నీళ్లు పారినట్టు లేదు. గతుకుల దారిలో బండిలా ఉంది. మొదటినుంచి చూద్దామని, ధ్వని పూర్తిగా పెంచి పెట్టాను.

మామగారు కునుకుతున్నారు. పేపరు జారుతోంది.

వీధి తలుపు తీసుకుని మా ఆయన లోపలికి వచ్చారు. ముందురోజు ఇచ్చొచ్చిన కొత్త కళ్లద్దాలు తెచ్చుకుని పెట్టుకున్నారు. గుమ్మంలోనే ఆగిపోయారు.

“ఏమేవ్! మంచినీళ్లు!” అని కంప్యూటరు అరిచింది. బొమ్మకు ఒక కుదుపు. మరుక్షణం అమ్మాయి జడ. “ఇదిగో, నా కళ్లజోడెక్కడ పెట్టావ్?” కుదుపు. “ఏమేవ్, నా పేపరేదీ?” కుదుపు.

మా ఆయన నుదురు ముడివేసి, చెవి కాస్త ముందుకు పెట్టి విన్నారు.

“ఎవడే వాడు,” అన్నారు, “అస్తమానం అలా అరుస్తున్నాడు?”

నేను వెనక్కి తిరగలేదు.

“ఆదివారం తెర మీద వేస్తున్నాను,” అన్నాను. “అందరితోపాటు చూసి, పోల్చుకుందురుగాని.”